పేరు తీసి పొయ్యాలి

తాతారావు గారు తన సర్వీసులో ముప్పై రెండు వేల కంప్యూటర్లకి ప్రాణం పోశారు. లెక్క వేసింది నేను కాబట్టి ఇందులోంచి ఓ ముప్పై వేలు తీసేసుకోవచ్చు. మిగిలిన రెండు వేలూ నిజం.

ఆయన కోనసీమలో ఒక ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ ల్యాబుకి పెద్ద. నేను ఆయన అసిస్టెంటుని, పేరు నూకరత్నం. నేను చేరిన మొదటి వారంలోనే ఆయన పని మర్మం చెప్పేశారు. అరవై కంప్యూటర్లకి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలంటే ఒక్కోదాని ముందూ కూర్చుని డిస్కులు మార్చక్కర్లేదు. ఒక్క పెట్టెని శుభ్రంగా తయారుచేసి, అందులో ఉన్నదంతా కేబుల్ మీదుగా అరవైకీ ఒకేసారి పోసెయ్యొచ్చు. ఆ మొదటి దాన్ని ఆయన తల్లిపెట్టె అనేవారు. పోసే ముందు మాత్రం తల్లిపెట్టె పేరు చెరిపెయ్యాలి.

"పేరు తీసి పొయ్యాలమ్మా, మర్చిపోకు," అన్నారు.

మర్చిపోయాను. మర్నాడు పొద్దున్న అరవై కంప్యూటర్లూ ఒకేసారి లేచి, ప్రతిదీ "నేనే తాతారావు-1" అంది. ఒకే తీగ మీద ఒకే పేరుతో అరవై ఉంటే ఒకదాన్నొకటి బయటికి తోసేసుకుంటాయి. తోసుకున్నాయి. ప్రిన్సిపాల్ గారి గదిలో ప్రింటరు, ఏ తాతారావుకి జవాబు చెప్పాలో తెలియక, ఉన్న కాగితాలన్నీ తెల్లగా కక్కేసి, అట్టముక్క కూడా కక్కడానికి ప్రయత్నించింది. ప్రిన్సిపాల్ గారు పరిగెత్తుకొచ్చి "ఏంటండీ ఇది?" అని అరిచారు.

తాతారావు గారు చేతులు కట్టుకుని, "ఆయ్," అన్నారు.

ప్రిన్సిపాల్ గారు శాంతించి వెళ్ళిపోయారు.

ఆ మాట గురించి కొంచెం చెప్పాలి. బయట ఊళ్ళవాళ్ళు 'ఆయ్' అంటే 'అవునండీ' అనుకుంటారు. పాపం. 'విన్నానండీ' అన్నా అదే, 'విన్నాను గానీ చెయ్యనండీ' అన్నా అదే. 'మీరు చెప్పింది తప్పు, అయినా మీరు పెద్దవాళ్ళు' అనడానికి ఒక ఆయ్ ఉంది. 'భోజనం వేళయింది, ఇక వదలండి' అనడానికి ఇంకోటుంది. మా వైపు మనిషికి పది పన్నెండు ఆయ్‌లుంటే పనైపోతుంది. తాతారావు గారి దగ్గర నాలుగొందలుండేవి. వేరే మాటలతో ఆయనకి పెద్దగా పనిపడేది కాదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఏడో నంబరు కంప్యూటరు ముందు కూర్చున్న తాతారావు గారు అలాగే పక్కకి ఒరిగిపోయారు. మెదడులో నరం చిట్లిందన్నారు. ప్రాణం దక్కింది, కుడి చెయ్యి సగం దక్కింది. మాటలు మాత్రం అన్నీ పోయి ఒక్కటి మిగిలింది. దేవుడు ఫార్మాట్ కొట్టి ఒక్క ఫైలు వదిలేశాడన్నమాట.

కాకినాడ ఆస్పత్రిలో డాక్టరు ఈ సంగతి చాలా జాగ్రత్తగా, గొంతు తగ్గించి, ఆయన భార్య సత్యవేణి గారికి చెప్పాడు. "ఆయన ఏం చెప్పాలనుకున్నా ఇకమీదట ఆ ఒక్క మాటే వస్తుందమ్మా."

"అయితే మీరు చేసిందేంటి బాబూ?" అంది సత్యవేణి గారు. "ఈయన వచ్చినప్పుడు ఉన్నదీ ఆ ఒక్క మాటే."

అని, బయటికొచ్చి, వరండాలో నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది.

డాక్టర్ రెహానా మాకు అక్కడే దొరికింది. కర్నూలు మనిషి. మాటలు పోయినవాళ్ళ వార్డు పక్కన ఆవిడకొక ప్రయోగశాల ఉండేది. అందులో అరచేయంత ఉప్పు పలక పట్టే పెట్టెలు తయారుచేసింది. ఉప్పంటే వంటింటి ఉప్పు కాదు, చూడ్డానికి మాత్రం అలాగే ఉంటుంది. మామూలు కంప్యూటర్లో ఆపరేటింగ్ సిస్టమ్ మనం చెప్పింది చేస్తుంది. ఈ పలకలో ఉన్నదానికి ఒకటే పని, వినడం. మాట, దాని వెనక ఊపిరి, అప్పటి వేళ, మనిషి చూపు ఎటుందో, అన్నీ వింటుంది. విన్నకొద్దీ ఉప్పులో సన్నని ముడులు పడతాయి. మనిషి ఏమన్నాడో పెట్టె ఊహించి పైకి చెబుతుంది. సరైతే పక్కనున్నవాళ్ళు ఆకుపచ్చ మీట నొక్కాలి, తప్పైతే ఎర్ర మీట.

"ఒకే మాట మిగిలినాయన కావాల నాకు," అంది రెహానా. "ఏం సార్, చేద్దామా?"

"ఆయ్," అన్నారు తాతారావు గారు.

"ఒప్పుకున్నారు!" అంది రెహానా సంబరంగా.

"లేదండీ," అన్నాను నేను. "అది 'కాఫీ తాగాక ఆలోచిద్దాం' ఆయ్."

కాఫీ అయ్యాక ఒప్పుకున్నారు, పెట్టె ఆయన ఇంటికొచ్చింది. మొదటి మూడు నెలలూ అది చెప్పినవన్నీ తప్పులే. ఆయన నీళ్ళడిగితే రైలు టైమెంతని అడిగింది. సత్యవేణి గారి బొటనవేలు ఎర్ర మీట నొక్కీ నొక్కీ మీట రంగులోకి దిగింది. తొంభై ఏడో రోజున, ఆవిడ గరిటెతో చారు పోస్తుండగా, ఆయన "ఆయ్" అన్నారు. పెట్టె ఒక క్షణం ఆగింది. మేము ల్యాబు పాఠాల వీడియోల్లోంచి ఏరి పెట్టిన ఆయన గొంతుతోనే మాట్లాడింది.

"వేణీ, దీంట్లో ఉప్పు వేశావు. మళ్ళీ వేశావు."

గరిటె గాల్లోనే ఉండిపోయింది. చారు కారుతోంది. ఆవిడ తుడుచుకోలేదు. నేను ఎన్నో కంప్యూటర్లు మొదటిసారి వెలగడం చూశాను గానీ, ఒక గదిలో గాలి అలా నిలబడిపోవడం అప్పుడే చూశాను.

ఆ తర్వాత రెండేళ్ళ తొమ్మిది నెలలు ఆయన మాట్లాడారు. అబ్బో, ఎంత మాట్లాడారో! పెళ్ళిచూపుల నాడు ఆవిడ కట్టుకున్న చీర రంగు నుంచి పక్కింటివాళ్ళ మోటారు చప్పుడు దాకా, ముప్పై ఏళ్ళ బాకీ తీర్చేశారు.

"మా కాపురంలో ఆయన నాతో అన్నదంతా రాస్తే పోస్టుకార్డు నిండదే రత్నం," అంది సత్యవేణి గారు ఒకరోజు బీరకాయ చెక్కు తీస్తూ. "జబ్బు చేశాక మొగుడు దొరికాడు నాకు. ఎవరితో అంటే బావుంటుంది చెప్పు ఈ మాట?"

చిక్కల్లా ఈ పెట్టె బాగా పనిచెయ్యడం వల్లే వచ్చింది. నలభై ఊళ్ళలో నలభైమంది ఒక్కో మాటతో మిగిలిపోయి ఉన్నారు. ఒకాయనకి 'అదే అదే', ఒకావిడకి 'రేపు'. రెహానా ప్రయోగశాల పక్క వార్డులోనే ఉన్న సారమ్మకి 'పప్పు'. రెండేళ్ళ కిందట బస్టాండులో పడిపోతే ఎవరో తెచ్చి చేర్చారు. పక్కనున్న సంచీలోని కాగితం చూసి పేరు రాశారు. ఆవిడ కోసం ఎవరూ రాలేదు. ఒక్కొక్కరికీ మూడేళ్ళు మీటలు నొక్కే సత్యవేణిని ఎక్కణ్ణుంచి తెస్తాం?

"ఆయన పలకని మిగతావాటిలోకి పోద్దామండీ," అన్నాను. నా వృత్తి అది.

"పోయొచ్చు. ఒకేసారి," అంది రెహానా. "ఈ పలకని మొత్తంగా చదవాలంటే కరిగించాల్సిందే రత్నం. కరిగేటప్పుడు పలికేది ఎన్ని పలకలు వింటే అన్నిట్లోకి పోతాది. ఇది మాత్రం ఇంక మిగలదు."

కరక్కుండా కాపీ తీద్దామని నేను హార్డ్ డిస్కులు పెట్టి చూశాను. మొదటి డిస్కు మూడు సెకన్లు విని నిండిపోయింది. రెండోది వినకుండానే నిండిపోయానంది.

సరే, పోస్తే పనికొస్తుందో లేదో చూద్దామని తాతారావు గారిని ఆస్పత్రిలో ఒక గదిలో ఉంచి, సారమ్మని తీసుకొచ్చి ఆయన పెట్టె ముందు కూర్చోబెట్టాం. అరవై ఏళ్ళ మనిషి, బక్కగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని. పెట్టెకేసి చూసి, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని, "పప్పు" అంది.

పెట్టె తాతారావు గారి గొంతుతో గంభీరంగా, "ఏడో నంబరు కేబుల్ ఎవడు పీకాడు?" అంది.

ఆవిడ పెట్టెని చూసింది. నన్ను చూసింది. "పప్పు!" అంది. అది తిట్టని తెలుసుకోడానికి ఏ యంత్రమూ అవసరం లేకపోయింది.

మంచం మీంచి ఇదంతా చూస్తున్న తాతారావు గారు నెమ్మదిగా "ఆయ్" అన్నారు. పెట్టె చెప్పింది: "పేరు తీసి పొయ్యాలి రత్నం. నీకు మొదటి వారంలోనే చెప్పాను."

నాకు అర్థమైంది. సత్యవేణి గారికి నాకంటే ముందే అర్థమైంది. పలకలో రెండున్నాయి. వినే నేర్పు ఒకటి, తాతారావు గారు ఒకటి. ఆయన్ని తీసేసి నేర్పు మాత్రం పోస్తేనే అది ఎవరికైనా పనికొస్తుంది. కానీ పోసేది ఒక్కటే, అన్నిట్లోకీ అదే వెళ్తుంది. ఆయనకి తిరిగొచ్చే పెట్టె ఆయన్ని ఎరగదు.

"ఒప్పుకోను," అంది ఆవిడ. "ఆయన మాటలు ఊరందరికీ పంచిపెట్టి మేం మూగగా కూర్చోవాలా? మళ్ళీ మూడేళ్ళు నొక్కాలా నేను? అప్పటికి ఈయనుంటాడో, నేనుంటానో! డాక్టరమ్మా, మీరేమీ అనుకోవద్దు. ఒప్పుకోను గాక ఒప్పుకోను."

రెహానా తలొంచుకుంది. "మీరు వద్దంటే వద్దమ్మా. నేను ఇంకోసారి అడగను."

తాతారావు గారు భార్యకేసి చూసి "ఆయ్" అన్నారు. పెట్టె మీద దీపం వెలిగింది. అర్థమైందని దాని గుర్తు. మాట మాత్రం పలకలేదు. మూడేళ్ళలో అలా జరగడం అదే మొదలు. ఆవిడకి నేరుగా చేరిందని దానికి తెలిసినట్టుంది.

ఆవిడ చాలాసేపు కొంగు అంచు మడతపెట్టి విప్పుతూ కూర్చుంది. తర్వాత లేచి పక్క వార్డులోకి వెళ్ళి, సారమ్మకి తల దువ్వి, జడేసి వచ్చింది.

"పొయ్యండి," అంది.

ఏరడానికి తొమ్మిది రోజులు పట్టింది. పలకలో పదకొండు లక్షల ముడులున్నాయి. నేను లెక్కపెట్టలేదు, నా కళ్ళు చెప్పాయి. ఒక్కో ముడినీ వెలిగించి పెట్టె చేత పలికించడం, 'ఇది మనిషిదా, వినడమా?' అని తేల్చడం, మనిషిదైతే సన్నని వెలుతురు సూదితో కరిగించడం. నా ముద్దుపేరు కరిగింది. ఏడో నంబరు కేబుల్ కరిగింది. ప్రిన్సిపాల్ గారి మీద దాచుకున్న అభిప్రాయం ఒకటి బయటపడి, మేము ముగ్గురం రెండుసార్లు పలికించుకుని విని, అప్పుడు కరిగించాం.

ఏడో రోజున ఒక ముడి దగ్గర ఆగిపోయాం. అది మాట కూడా కాదు, ఆయ్‌కి ముందు వచ్చే ఊపిరి. పెట్టె దాన్ని ఇలా పలికింది: "వేణి వంటింట్లో లేదు. ఇల్లు బోసిగా ఉంది."

"ఇది మనిషిదే కదమ్మా," అంది రెహానా, సూది తీస్తూ.

"ఆగండి," అంది సత్యవేణి గారు. "వేణి ఆయనది. వంటిల్లు ఆయనది. బోసి ఎవరికి లేదు? ఉండాల్సిన మనిషి లేకపోతే ఎవరి ఊపిరైనా అలాగే ఉంటుంది. ఇందులోంచి నన్ను తీసెయ్యండి. బోసి ఉంచండి."

రెహానా సూదిని వెంట్రుకవాసి జరిపి, 'వేణి' దగ్గర ఒకసారి, 'వంటింట్లో' దగ్గర ఒకసారి తాకించింది. మిగిలిన ముడి దీపం కింద నీలంగా మెరిసింది.

ఆఖరి రోజు ఆఖరి ముడి మిగిలింది. ఆయన గొంతు, పేరు అందులో ఉన్నాయి. సత్యవేణి గారు మంచం పక్కన నిలబడింది. "ఏదన్నా చెప్పండి," అంది. "మళ్ళీ ఎప్పటికో."

"ఆయ్," అన్నారాయన.

"పోసేటప్పుడు కేబుల్ ఎవరూ తొక్కకుండా చూడండి," అంది పెట్టె.

"చూశావే రత్నం? ఇలాంటప్పుడు కూడా..." అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకుని, నవ్వి, మళ్ళీ తుడుచుకుంది. ఆయన ఇంకోసారి, చిన్నగా, ఆయ్ అన్నారు.

"పొద్దుట్నించీ నిలబడే ఉన్నావు వేణీ. కూర్చో."

ఆవిడ కూర్చుంది. రెహానా సూది తాకించింది.

గురువారం పొద్దున్న పది గంటలకి పోశాం. గోడ మీద తెరలో నలభై ఊళ్ళ గదులు నలభై గళ్ళలో కనిపిస్తున్నాయి. ప్రతి గదిలోనూ ఒక ఖాళీ పలక, ఒక మనిషి. తాతారావు గారి పెట్టెలోనూ కొత్త పలక పెట్టాం. మొత్తం నలభై ఒకటి. కేబుల్ మీద నేనే కాపలా. ఆ పూట దోమ కూడా దాన్ని దాటలేదు.

పాత పలకని రెహానా గాజుపాత్రలో నీళ్ళలోకి దించింది. అంచులు ముందు కరిగాయి. లోపలి ముడులు ఒక్కొక్కటే నీలంగా వెలిగి, విడిపోయి, ఆరిపోతున్నాయి. ఒక్కోటి ఇక్కడ ఆరగానే తెర మీద నలభై గళ్ళలో అదే ముడి, అదే చోట, ఒకేసారి పుడుతోంది. సముద్రం పక్క ఊళ్ళో పుట్టింది, కొండల్లో పుట్టింది, నేను పేరు కూడా వినని ఊళ్ళో పుట్టింది. జీవితమంతా కంప్యూటర్లలోకి ఏదో ఒకటి పోస్తూనే ఉన్నాను. ఒక మనిషి మూడేళ్ళ ఓపిక అలా నలభై చోట్ల మొలకెత్తుతుంటే నాకు ఒక్క వేళాకోళం కూడా తోచలేదు. ఇది వైద్య చరిత్రలో నమోదు కావాల్సిన విషయం.

ఏడు నిమిషాలకి పాత్రలో నీళ్ళే మిగిలాయి.

మొదట మాట్లాడింది పక్క వార్డు పెట్టె. ఎవరిదీ కాని ఒక మామూలు గొంతుతో. అందరం తలుపు దగ్గర గుమిగూడాం. సారమ్మ "పప్పు" అంది. ఆవిడ మాటని నర్సులు రెండేళ్ళలో లక్షసార్లు విని ఉంటారు, ఎప్పుడూ ఒక్కలాగే ఉండేది. పెట్టె ఆ మాటని వదిలేసి, దానికి ముందున్న ఊపిరిలోని బోసిని విన్నట్టుంది.

"ఎవరు లేరమ్మా?" అంది.

ఆవిడ ఒక్కసారిగా మంచం పట్టె పట్టుకుంది. రెండేళ్ళలో ఆవిడని మందు వేసుకున్నావా, తిన్నావా అని అడిగారు. ఇది ఎవరూ అడగలేదు.

"నేను అక్షరాలు చదువుతాను. మీరు మీ మాట అంటూ ఉండండి," అంది పెట్టె. అ నుంచి మొదలుపెట్టింది. ప్రతి అక్షరానికీ ఆవిడ పప్పు అంటోంది. మాకు తేడా ఏమీ తెలియడం లేదు. పెట్టె మాత్రం ఒకచోట ఆగుతుంది, మళ్ళీ మొదలెడుతుంది. ఇరవై నిమిషాలు. నర్సమ్మ చేతిలో ట్రే అలాగే ఉంది. చివరికి పెట్టె మొత్తం కూడబలుక్కుని ఒక్కసారిగా చెప్పింది.

"సారమ్మ నేను కాదు. ఆ సంచీ నాది కాదు. నా పేరు కోటేశ్వరి. మాది వేటపాలెం. నా చెల్లెలు నన్ను వెతుకుతూ ఉంటుంది."

ట్రే కింద పడింది. ఎవరూ వంగి తియ్యలేదు. కోటేశ్వరి గారు సత్యవేణి గారి రెండు చేతులూ పట్టుకుని, "పప్పు, పప్పు" అంటూ నవ్వుతోంది. అప్పటికి తెర మీద గళ్ళలో ఒక్కో గొంతూ మొదలైంది. ఒకాయన చొక్కా గుండీ విప్పమంటున్నాడు. 'రేపు' ఆవిడ నిన్నటి గురించి చెబుతోంది.

తాతారావు గారు గదిలో ఒక్కరే ఉన్నారని గుర్తొచ్చి మేము వెనక్కి పరిగెత్తాం. ఆయన పెట్టె కూడా లేచి, ఆయనకేసి మర్యాదగా దీపం పెట్టి ఉంది.

"నమస్కారమండీ. మీ పేరు?" అంది.

"ఆయ్," అన్నారాయన.

"ఆయ్ గారూ, మిమ్మల్ని కలవడం సంతోషమండీ."

నేను నవ్వకూడదనుకుంటూనే నవ్వేశాను. సత్యవేణి గారు ఎర్ర మీట మీద వేలు పెట్టింది. ఆయన ఎడమ చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుని, తల అడ్డంగా ఊపారు. కళ్ళలో నీళ్ళొచ్చేలా ఆయనా నవ్వుతున్నారు. తల్లిపెట్టె పేరు నిజంగా పోయింది. పని శుభ్రంగా జరిగిందని ఆయనకి తెలిసిపోయింది.

పెట్టె ఇదంతా విని, మళ్ళీ అడిగింది. "ఆయ్ గారూ, మీరు చెయ్యి పట్టుకున్నారే, ఆవిడ ఎవరండీ?"

ఆయన ఆవిడకేసి చూశారు. కొంతసేపు చూశారు.

"ఆయ్."

దీపం ఆరలేదు, వెలగలేదు, సన్నగా వణికింది. సత్యవేణి గారు రెండు మీటలకీ దూరంగా చెయ్యి తీసేసుకుంది.

"ఏమన్నారో నాకు తెలియలేదండీ," అంది పెట్టె. "కానీ ఇది ఇందాకటి ఆయ్ కాదు. ఇంకొక్కసారి అంటారా?"

ఆయన మళ్ళీ అన్నారు.